వేసవి గ్రంథాలయములు, కౌమారవయస్కుల కృతులు

శ్రీనాథమహాకవి కాశీఖండావతారికయందు తన కృతుల క్రమమును చెప్పికొనుచు, మరుత్తరాట్చరిత్రమును పసితనము వీడనినాటను, శాలివాహనసప్తశతిని నవయౌవనారంభమునను రచించితినని తెలిపియున్నాడు. ఈ రెండు గ్రంథములును నేడు మనకు దక్కలేదు. సప్తశతిలోనివని చెప్పబడు ఒకటి రెండు పద్యములు మాత్రము వినబడుచున్నవి. చిన్ననాటి కృతు లగుటచేతనే యవి నశించెనని చెప్పుటకు వీలులేదు. ఆ కవి పెద్దనాటి కృతులలోను పోయినవి కలవు. అయినను వాని జాడ వెదకుచు తాళపత్రముల కట్టలు విప్పినవారి కొక సంగతి తోచకమానదు. కవి కౌమారమున నేమి చేసెనో చూడవలెనను కోరిక లోకమునకు గలుగునప్పటికి దానిని దాచుటకు తగిన కాలము గడచిపోయి యుండును.

కౌమారవయస్కులచేత నొక కృతిని చేయించుట యెవరి పని? చేసినదానిని దాచుట యెవరి పని? పాఠశాల పరీక్షలకై చదివించును. పరీక్ష ముగియగానే వ్రాసిన కాగితములు తూకమునకు బోవును. ఇంటివారు మురిసిపోదురు గాని యిల్లు మారినపుడు మొదట పారవేయబడునవి పిల్లల నోటుపుస్తకములే. దాచుటయే వృత్తిగా గల సంస్థ యూరికొకటి కలదు, అది గ్రంథాలయము. పదుమూడు మొదలు పందొమ్మిదేండ్లవరకు గల పిల్లలను వేసవి సెలవులలో గ్రంథాలయములు చేరదీయు విధము లెట్లు పుట్టి యెట్లు మారినవో చెప్పి, వానిలో మన గ్రంథాలయములకు పనికివచ్చున దేదియో చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

వేసవి పఠనకార్యక్రమములు అమెరికాసంయుక్తరాష్ట్రములలో బుట్టినవి. 1890 దశకమున క్లీవ్‌లండు నగర గ్రంథాలయమునందు లిండా ఈస్ట్‌మన్ అను గ్రంథపాలకురాలు పిల్లలు చదువదగిన పుస్తకముల పట్టికలను పాఠశాలలకు బంపుచు, సెలవుదినములలో వారిని గ్రంథాలయమునకు రప్పించు పనికి బూనుకొనెను. ఇరువదవ శతాబ్దిలో నీ యాచారము పట్టణములన్నిట వ్యాపించి యొక స్థిరరూపమును దాల్చెను. బాలుడు వచ్చి పేరు వ్రాయించుకొనును. చదివిన ప్రతి పుస్తకమునకు గోడపటముమీద వాని పేరున కెదురుగా నొక నక్షత్ర మతికించబడును. ఇన్ని నక్షత్రము లైనచో ప్రశంసాపత్రము, మరికొన్ని యైనచో నొక బహుమానము.

దీనికి హేతువు లేకపోలేదు. దీర్ఘమైన సెలవులలో పిల్లలు నేర్చినదానిని మరచుదురని ఉపాధ్యాయులందఱు నెఱిగినదే. బార్బరా హేన్సు అను సామాజికశాస్త్రజ్ఞురాలు జార్జియారాష్ట్రమందలి అట్లాంటానగర విద్యార్థులను పరిశీలించి 1978 లో నొక గ్రంథమును ప్రకటించెను. ధనికుల పిల్లలకును బీదల పిల్లలకును గల విద్యాంతరము సెలవులలోనే మిక్కిలి పెరుగుచున్నదనియు, ఆ కాలమున పిల్లల బుద్ధివికాసమునకు తోడ్పడు ప్రజాసంస్థలలో గ్రంథాలయమే మొదటిదనియు నామె తేల్చెను. సెలవులలో గలుగు నష్టము నిజముగా నెంత యను విషయమున తరువాతి పరిశోధకులకు సందేహములు కలిగినవి. అవి యిక్కడ మనకు ముఖ్యములు కావు. గ్రంథాలయమునకు దగ్గరగా నున్న పిల్లవాడు వేసవిలో నెక్కువ చదువు నను మాట మాత్రము మనకు చాలును.

చిక్కు మఱొకచోట నున్నది. నక్షత్రములు లెక్కించుకొనుట యెనిమిదేండ్లవానికి ముచ్చట. పదునైదేండ్లవాని కది చిన్నతనము. ఆ వయసున మనుష్యునికి తన్ను పెద్దవానిగా జూడవలెనను పట్టుదల మెండు. అందుచేత పన్నెండేండ్లవరకు బాలల గదిని విడువని పిల్లలు పదుమూడవయేట నుండి గ్రంథాలయపు గడప త్రొక్కుట మానివేయుచుండిరి. ఈ వయసువారికి ప్రత్యేకముగా నొక చోటుండవలెనను తలంపు ఆలస్యముగ గలిగినది. క్లీవ్‌లండున 1925 లో రాబర్టు లూయీ స్టీవెన్సను పేర యువజనులకై యొక గది తెరవబడినది. న్యూయార్కులో 1941 లో బాలురకును యువజనులకును మాత్రమే యుద్దేశింపబడిన నేథన్ స్ట్రాస్ శాఖాగ్రంథాలయము వెలసినది. చోటు దొరకినది గాని యచ్చోట చేయవలసిన పని యేమో తేలుట కింకను చాలకాలము పట్టినది.

బహుమానముల విషయమున నొక ప్రయోగమును చెప్పవలసియున్నది. 1973 లో లెప్పరు, గ్రీను, నిస్బెటు అను మనశ్శాస్త్రజ్ఞులు ముగ్గురు చిత్రలేఖనమునం దాసక్తిగల చిన్నపిల్లలను మూడు తెగలుగా విభజించిరి. ఒక తెగకు బొమ్మ గీసినచో ప్రశంసాపత్ర మిత్తుమని ముందే చెప్పిరి. రెండవ తెగకు చెప్పకయే తరువాత నిచ్చిరి. మూడవదానికి చెప్పనులేదు, ఈయనులేదు. కొన్నిదినములకు తమంతట తాము బొమ్మలు గీయు సమయమున గమనించగా, ముందు బహుమాన మాశింపజేయబడిన తెగవారు తక్కినవారిలో సుమారు సగముసేపు మాత్రమే యా పనియందు నిలిచిరి. ప్రీతితో చేయు పని కూలిపని యైపోయెనన్నమాట. వీరు మూడు మొదలైదేండ్లవారు గాన దీని ఫలితమును యథాతథముగ పెద్దపిల్లలకు అన్వయింపరాదు. అయినను ఆసక్తిగలవానికి ఎరచూపుట మంచిది కాదని మన పెద్దలు చెప్పుచువచ్చిన దానికిది దగ్గరగనే యున్నది.

ఇక కథలో మలుపు. 2009 లో షికాగోనగరమున హెరాల్డు వాషింగ్టను గ్రంథాలయపు క్రిందియంతస్తులో, 5,500 చదరపుటడుగుల వైశాల్యముగల యొక చోటు ఉన్నతపాఠశాలల విద్యార్థులకై తెరవబడినది. దానికి యూమీడియా యని పేరు. అందు పుస్తకముల బీరువాలు కలవు. వాని ప్రక్కనే కంప్యూటర్లు, కెమేరాలు, సంగీతవాద్యములు, గొంతు ముద్రించు నొక చిన్న గది. మెకార్థరు ధర్మనిధి ద్రవ్యసహాయ మొనర్చినది. గ్రంథపాలకులతోపాటు మార్గదర్శకులుగా కవులును, చిత్రకారులును, గాయకులును నియమింపబడిరి. వీరు బోధించు గురువులు కారు. తమ పని తాము చేసికొనుచు పిల్లలకు కనబడుచుండువారు. మన కమ్మరి కొలిమియొద్ద, మగ్గముయొద్ద పని నేర్చిన పద్ధతి యిదియే గదా!

ఈ చోటును తీర్చుటకు మిజూకో ఈటో మొదలగు పరిశోధకుల గ్రంథమొకటి మూలమైనది. నూతనసాధనములతో యువజను లెట్లు కాలము గడపుదురో పలుచోట్ల పరిశీలించి వారు మూడవస్థలను గుర్తించిరి. మొదటిది ఊరక కూడియుండుట. రెండవది చేయిపెట్టి చూచుట; అనగా పోగొట్టుకొనున దేమియు లేకుండ తోచినట్లు కెలుకుట. మూడవది ఒక విషయమున తలమునకలగుట. మొదటి యవస్థను సోమరితనమని గద్దించి వెడలగొట్టినచో మూడవదానికి పిల్లవాడు చేరనే చేరడని వారి సిద్ధాంతము. యూమీడియాగదిలో ఏమియు చేయక కూర్చుండి కబుర్లాడు పిల్లలను ఎవరును లెమ్మనరు. గ్రంథాలయమున నోరు మెదపరాదను నియమముతో పెరిగిన మనబోంట్ల కిది మింగుడుపడదు. అయితే యా గదిలో కబుర్లకు వచ్చినవాడే కొంతకాలమునకు ప్రక్కవాని పాటకు తాళము వేయును, అటుతరువాత తనదొకటి కూర్చును.

అందు వారమున కొకమారు సాయంకాలమున నొక సభ జరుగును. ఇష్టమైనవారు లేచి తాము వ్రాసినదానిని చదువుదురు, పాడుదురు, తోడివారు విందురు. ఈ సభను చాలకాలము నడపినవాడు మైకు హాకిన్సు అను కవి. పిల్లలాయనను బ్రదరు మైకని పిలుచుచుండిరి; 2014 లో నాయన గతించెను. ఆ సభలలో పాల్గొని యా గొంతు ముద్రించు గదిలో పనిచేసిన పిల్లలలో చాన్సలరు బెన్నెటు ఒకడు. పాఠశాలనుండి పది దినములు బహిష్కృతుడై యున్నపుడు మొదలిడిన తన పాటల సంపుటమునకు ‘పది దినములు’ అను నర్థమువచ్చు పేరే పెట్టి 2012 లో వెలువరించెను. చాన్సు ది రాపరు అను పేరుతో 2017 లో గ్రామీ బహుమానములు మూడు పొందినవా డితడే. ఇట్టి యొక్కనిని చూపి యా గ్రంథాలయపు పనిని కొలుచుట సరి కాదని నా యభిప్రాయము. ప్రసిద్ధికెక్కని తక్కిన పిల్లలే యా గదికి నిజమైన ఫలము. కాని పాఠశాల గెంటివేసిన పిల్లవానికి నగరమున నొక తలుపు తెరచియుండుట, యా తలుపు గ్రంథాలయముది యగుట మనము మరువరానిది.

2013 లో షికాగో గ్రంథాలయము తన వేసవి కార్యక్రమమునే మార్చివేసినది. అంతవరకు పుస్తకములు చదువుట మాత్రమే కార్యక్రమము. అప్పటినుండి నగరమందలి విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలతో గూడి చదువుట, కనుగొనుట, సృజించుట యను మూడును చేర్చబడినవి. చదివినవాడు చదివినదానితో నేమైన చేసిన గాని పని ముగిసినట్లు కాదన్నమాట. తక్కిన నగరములును ఈ బాటనే పట్టినవి. అట్టి చోట్ల వివరము లిక్కడ ననవసరములు.

ఇదంతయు చదివి మన గ్రంథాలయములలో గొంతు ముద్రించు గదులు కట్టవలెనని యెవరైన ననుకొన్నచో వ్యాసకర్త భావము తలక్రిందైనట్లే. యంత్రములు పాతబడును, ఐదేండ్లలో మూలకు చేరును. షికాగోలో ఫలించినవి యంత్రములు కావు. కూర్చుండుటకు జంకులేని చోటు, పని తెలిసిన పెద్దవాడొకడు దగ్గర నుండుట, చేసినదానిని వినువారు వారమున కొకమారైన దొరకుట: ఈ మూడును ఫలించినవి. వీనిలో నేదియు మనకు క్రొత్తది కాదు.

మన గ్రంథాలయోద్యమము మొదటినుండియు యువకుల కృషియే. హైదరాబాదున 1901 లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. 1914 ఏప్రిలులో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయప్రతినిధుల మహాసభ జరుగునాటికి దానికి నడుముకట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారి కిరువదినాలుగేండ్లు మించవు. 1918 లో వేటపాలెమున సారస్వతనికేతనమును స్థాపించినది హిందూయువజనసంఘము. ఇట్టి సంఘములలోను పాఠశాలలలోను లిఖితపత్రికలు వెలువడుచుండెడివి. ఒక్కటే ప్రతి. ముఖపత్రమున నొకడు రంగుల బొమ్మ వేయును. గుండ్రని దస్తూరి గలవాడు వ్రాతపని చేయును. తక్కినవారు పద్యమో, కథయో, సంపాదకునిమీద నొక చమత్కారమో యిత్తురు. ఆ యొక్క ప్రతి చేతులు మారి నలిగి చినుగును. అచ్చుయంత్రము నెఱుగని యా పత్రికలలో కలము పట్టుట నేర్చినవారెందఱో తరువాత అచ్చుపత్రికలకు రచయితలైరి. ఆ పత్రికల ప్రతులు నేడెక్కడ? సారస్వతనికేతనము పాత యచ్చుపత్రికలను కాపాడినందున దూరదేశములనుండి పరిశోధకులు వేటపాలెమునకు వచ్చుచున్నారు. లిఖితపత్రికలకట్టి భాగ్యము పట్టలేదు. ‘పిల్లల వ్రాతలే గదా’ యను నుపేక్షయే దానికి కారణమని చెప్పుటకు వెనుదీయను.

నేడు ఆంధ్రప్రదేశమున జిల్లా గ్రంథాలయసంస్థలు వేసవి విజ్ఞానశిబిరములను నడపుచున్నవి. తెలంగాణమునను వేసవి శిబిరములు కలవు. కథలు చదివించుట, చెప్పించుట, చిత్రలేఖనము, చదరంగము, ఇంగ్లీషు మాటలాడుట మొదలగునవి వానిలో జరుగును. కడపటిదినమున బహుమానములు పంచి ఫొటో తీయుదురు. ఇది మంచిపనియే. బడుగు పిల్లలకు వేసవి యెండలో నీడయు, నీరును, పుస్తకమును నొక్కచోట దొరకుట తక్కువ మేలు కాదు. అయితే యిందు వచ్చువారిలో చిన్నపిల్లలే మెండు. తొమ్మిది, పది తరగతులు దాటినవారు కానరారు. కడపటిదినమున గీయబడిన బొమ్మ మరునాడెక్కడ నున్నదో యెవరికిని తెలియదు. పెద్దపిల్లలు రాకుండుటకును, బొమ్మ దక్కకుండుటకును సంబంధమున్నదని నేను తలంతును. తాను చేసినది నిలువని చోట నిలుచుట కెవడును ఇష్టపడడు.

పెద్దపిల్లలకు తగిన పని యేది? ఊరి కైఫీయతు. కర్నలు మెకంజీకై గ్రామగ్రామమున స్థలచరిత్రలు సేకరింపబడిన సంగతి పండితులకు క్రొత్తది కాదు. ఆ పనికి దారితీసిన కావలి వెంకటబొఱ్ఱయ్య చిన్నవయసుననే యందు ప్రవేశించి, శాసనలిపులను విడదీసి, ముప్పదియేండ్లు నిండకయే 1803 లో గతించెను. అట్టి పని పదునారేండ్లవారికి మించినదని యెవరనగలరు? చెరువు తూమెవరు కట్టించిరి, ఏ వీథికేల యా పేరు, జాతర యెందుల కాగిపోయెను, వలస పోయినవా రెక్కడికి బోయిరి అను ప్రశ్నలతో నిద్దరిద్దరుగా పెద్దలయొద్దకు బోయి, చెప్పినవారి మాటలలోనే వ్రాసికొనివచ్చి, చిత్తుప్రతి నొకరి దొకరు చదివి, పటము గీసి కూర్చినచో ఆరువారముల వేసవి చాలును. ఒకే సంగతిని ఇద్దరు వృద్ధులు రెండువిధముల చెప్పుదురు. అప్పుడు పిల్లలకు పాఠాంతర మన నేమో, ప్రమాణమన నేమో తమంతట తెలియును. మనము తరగతిలో గంటలకొలది చెప్పి తెలుపలేనిది.

మఱియొకటి వృత్తిపదముల సేకరణము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలికవృత్తిపదకోశములు వెలువడినవి. వ్యవసాయపదముల సంపుటము 1962 లోను, చేనేతపదములది 1971 లోను వచ్చినవి. ఆ తరువాత మగ్గములు తగ్గినవి, మరమగ్గములు వచ్చినవి, మాటలు మారినవి. వేటపాలెము, చీరాల ప్రాంతము నేతగాండ్ర నేల. అక్కడి పిల్లలలో పడుగు, పేక, ఆసు, కండె, నాడె యను మాటలను ఇంట విన్నవారుందురు. ఇతర నిఘంటువుల కెక్కని మాటలును వారికి తెలిసి యుండవచ్చును. ఇంట సిగ్గుపడి దాచుకొను మాట గ్రంథాలయమున పదకోశమున కెక్కుచున్నదని తెలిసిన పిల్లవాని ముఖము వికసించునని వేరుగ చెప్పనక్కరలేదు. నేడు యంత్రము నడిగినచో నే విషయముమీదనైనను క్షణములో వ్యాసము వ్రాసి యిచ్చుచున్నది. పిల్లల యింటిపనికి విలువ పోయినదని ఉపాధ్యాయులు విచారించుచున్నారు. తన యవ్వ నడిగి తెలిసికొన్న మాట నే యంత్రమును ముందుగ చెప్పజాలదు.

కథలు, పద్యములు, నాటికలు, బొమ్మలకథలు వ్రాయగోరువారిని కాదనరాదు. ఆటవెలది కట్టగోరువానికి యతిప్రాసలు చెప్పు పండితుడు వారమున కొకసారి వచ్చి కూర్చుండిన జాలును. ఇక్కడ నొక హెచ్చరిక. పండితుని చేయి కలముమీద గాక, ప్రక్క కాగితముమీద నుండవలెను. దోషములను వేరుగ వ్రాసి చూపవచ్చును; దిద్దుకొనువాడు దిద్దుకొనును. పిల్లవాని వాక్యమును కొట్టివేసి తన వాక్యమును పెట్టిన గురువు, శిష్యుని కృతిని శుద్ధిచేసితినని యనుకొనును గాని నిజమునకు దానిని తనదిగా చేసికొనుచున్నాడు. భాషాశుద్ధికి భంగమని ఆక్షేపించువారు కలరు. పదునాలుగేండ్లవాని తప్పులు వాని కాలపు భాషకు సాక్ష్యములు. మనము శాసనములలో లేఖకుల తప్పులనుండి యెంత భాషాచరిత్రమును గ్రహించితిమో వారు జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక.

కడపటిదినమున జరుగవలసినది సభ. అందు పిల్లలే చదువుదురు, ఊరివారు విందురు. కైఫీయతు చెప్పిన వృద్ధులను ముందువరుసలో కూర్చుండబెట్టవలెను. బహుమాన మక్కరలేదు. సభ ముగిసినపిదప నా కృతిని గట్టి అట్టతో కుట్టి, గ్రంథపాలకుడు అందఱి యెదుట యాక్సెషను రిజిస్టరున నెక్కించవలెను: వరుససంఖ్య, తేదీ, గ్రంథకర్త పేరు, గ్రంథనామము, పుటలు, వెల యన్న గడిలో ‘దానము’. తన పేరు వలదన్న పిల్లవాని కోరికను మన్నింపవలెను. కొంతకాలమునకు తన కృతిని తిరిగి తీసికొందునన్నను ఇయ్యవలెను, ఏలన పదునేడేండ్ల వయసున వ్రాసినదానికి ఇరువదియొకటవ యేట సిగ్గుపడుట లోకసహజము. కాని ప్రతి యొకటి తీసి యుంచుకొనుటకు వాని యనుమతి నడుగుట మరువరాదు.

వర్గసంఖ్య విషయమున గ్రంథపాలకులు కొందఱు వెనుకాడుదురు. పిల్లల వ్రాతలకు వేరొక పెట్టె చాలునందురు. చాలదు. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యమునకు 894.827 అని సంఖ్య. శృంగారనైషధ మా సంఖ్యక్రిందనే నిలుచుచున్నది. ఊరి పిల్లవాడు ఈ వేసవిలో వ్రాసిన కథల సంపుటమునకును ఆ సంఖ్యయే వ్రాసి, ఆ బీరువాలోనే, గ్రంథకర్త పేరు నకారాదిక్రమమున నెక్కడ వచ్చునో యక్కడ నుంచవలసియున్నది.